నిద్ర చెడగొట్టే ఫ్యాను గాలి మార్చదు

వేసవి రాత్రి ఏసీ ఉన్న గదిని చూడండి. తలుపులు, కిటికీలు బిగించి నలుగురూ ఒకే గదిలో పడుకుంటారు. గది హాయిగా చల్లబడుతుంది. అయినా తెల్లవారేసరికి తల దిమ్ముగా ఉంటుంది. బయటి నుంచి ఎవరైనా లోపలికి వస్తే "ఏమిటీ మగ్గిన వాసన?" అంటారు. ఎందుకిలా?

ఏసీ బయటి నుంచి కొత్త గాలి తెస్తుందని చాలామంది అనుకుంటారు. గోడ అవతల ఉన్న పెద్ద పెట్టెను చూస్తే అలా అనిపించడం సహజమే. కాని మన ఇళ్ళలో సాధారణంగా పెట్టే స్ప్లిట్ ఏసీలో లోపలి పెట్టెనూ బయటి పెట్టెనూ కలిపేవి రెండు రాగి గొట్టాలు. వాటిలో తిరిగేది వేడిని మోసుకుపోయే శీతలీకరణ పదార్థం, గాలి కాదు. గదిలో ఉన్న గాలినే ఏసీ మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. సీలింగు ఫ్యాను చేసేదీ అంతే, ఉన్న గాలిని తిప్పుతుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 36 ఘనపు మీటర్ల గాలి, అంటే 36,000 లీటర్లు పడుతుంది. ఊరికే కూర్చున్న పెద్దమనిషి గంటకు సుమారు 18 లీటర్ల బొగ్గుపులుసు వాయువును వదులుతాడు. నిద్రలో అది ఇంకా తగ్గుతుంది. కాబట్టి నిద్రపోతున్న నలుగురికీ కలిపి గంటకు 50 లీటర్లు అనుకుందాం. 50ని 36,000తో భాగిస్తే పదిలక్షల భాగాలకు దాదాపు 1,400 భాగాలు వస్తుంది. బయటి గాలిలో ఇప్పుడు ఉన్నది 420కి కాస్త పైన. సందులే లేని గదైతే ఒక్క గంటలో 1,800 దాటిపోతుందన్నమాట! మ్యూనిక్ నగరంలో పరిశోధనలు చేసిన మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ 1858లోనే గది గాలికి ఒక హద్దు చెప్పాడు. అది పదిలక్షలకు 1,000 భాగాలు. ఆ మోతాదులో ఈ వాయువు విషం కాదనీ, గాలి ఎంత పాతబడిందో తెలిపే గుర్తు మాత్రమేననీ ఆయనకు తెలుసు.

మరి ఎంత గాలి మారాలి? గంటకు 100 ఘనపు మీటర్లు, అంటే లక్ష లీటర్లు మారితే, ఆ 50 లీటర్లు లక్షలో కలుస్తాయి. పదిలక్షలకు 500 భాగాలు. దానికి బయటి 420 కలపండి. పెట్టెన్‌కోఫర్ హద్దు దాటలేదు కదా!

కిటికీ తెరవగలిగినవాళ్ళు తెరవండి. అంతకంటె మంచి సాధనం లేదు, ఖర్చూ లేదు. కాని దోమలు, హారన్ల మోత, ఏసీ ఉన్నచోట అది అన్ని రాత్రులూ కుదరదు. కొన్ని అపార్ట్‌మెంట్లలో కిటికీ తెరుచుకునేది పక్కవాళ్ళ వంటింటి పొగలోకే. అలాంటి ఇళ్ళకోసమే గొట్టం మధ్యలో ఇమిడే ఇన్‌లైన్ ఫ్యాను ఉంది. గదిలో ఒక జాలీ మాత్రం కనిపిస్తుంది. ఫ్యాను ఎక్కడో అటక మీదో, వరండాలోనో తిరుగుతూ గొట్టం గుండా గాలిని లాగి బయటికి పంపుతుంది.

దీన్ని కొనేటప్పుడు అందరూ వేసే మొదటి ప్రశ్న "ఎంత గాలి లాగుతుంది?" అని. మొదట అడగవలసింది "ఎంత చప్పుడు చేస్తుంది?" అని నా అభిప్రాయం. రొద పెట్టే ఫ్యానును రాత్రి పదిగంటలకు తాతయ్యో, అమ్మో లేచి ఆపేస్తారు. వాళ్ళది తప్పు కాదు. ఆగిపోయిన ఫ్యాను లాగే గాలి సున్నా, పెట్టె మీద ఎంత పెద్ద అంకె అచ్చువేసినా సరే!

ఆ అంకె సంగతీ చెప్పాలి. అది చాలాసార్లు గొట్టమేమీ తగిలించకుండా కొలిచినది. గొట్టం తగిలించి, రెండు వంపులు తిప్పి, చివర జాలీ బిగిస్తే అందులో కొంతే మిగులుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. ఒకే ఫ్యాను వేగాన్ని సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది. కాని చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు పడిపోతుంది. చెవికి అది మూడోవంతు చప్పుడులా తోస్తుంది. రెక్కలు తిప్పడానికి కావలసిన శక్తయితే ఎనిమిదోవంతే! కాబట్టి చిన్న ఫ్యానును పరుగెత్తించడం కంటె పెద్ద ఫ్యానును నిదానంగా నడపడం మేలు. అయితే మామూలు రెగ్యులేటరు తగిలిస్తే కొన్ని మోటార్లు వేరే రకంగా జుమ్మంటాయి. ఈసీ మోటారు ఉన్న ఫ్యానుకు ఈ ఇబ్బంది తక్కువ, ధర మాత్రం ఎక్కువ.

గొట్టానిదీ ఇదే తీరు. మన 100 ఘనపు మీటర్లు నాలుగంగుళాల గొట్టంలో సెకనుకు మూడున్నర మీటర్ల వేగంతో పోవాలి. ఆరంగుళాల గొట్టంలో ఒకటిన్నర చాలు. ఒరిపిడివల్ల కలిగే నష్టం సుమారు ఏడోవంతుకు తగ్గుతుంది. ముడతలు ముడతలుగా సాగే గొట్టం కంటె నున్నని గొట్టం మంచిది. ఫ్యానును మంచానికి ఎంత దూరంలో పెడితే అంత మంచిది. దాన్ని గోడకు నేరుగా బిగించకుండా మధ్యలో రబ్బరు ముక్కలు పెట్టించండి, లేకపోతే గోడే తబలా అవుతుంది.

దుకాణంలో ఫ్యాను తిప్పించి వింటే ఏమీ తేలదు. వీధి రొదలో అన్నీ నెమ్మదిగానే వినిపిస్తాయి. కాగితం మీది డెసిబెల్ అంకె చూడండి. ఎంత దూరంలో కొలిచారో కూడా చూడండి. ఆరుబయట ఒక మీటరు దగ్గర 40 చూపేది మూడు మీటర్ల దగ్గర 30 దాకా దిగుతుంది. ఒకరు దగ్గరగా, మరొకరు దూరంగా కొలిచిన అంకెలను పోల్చి లాభం లేదు.

రోజుకు తొమ్మిది గంటల చొప్పున ఏడాదికి 3,285 గంటలు తిరగవలసిన యంత్రమిది. అందుకని మూసివున్న బాల్ బేరింగులున్నదే అడగండి. బుష్ బేరింగులో నూనె ఆరిపోతే గరగర మొదలవుతుంది. రెక్కల మీద దుమ్ము ఒకవైపు పేరుకున్నా అదురుతుంది. కాబట్టి విప్పి తుడవడానికి వీలుండాలి. ఫాల్స్ సీలింగులో తలుపు వదలకుండా పూడ్చేసిన ఫ్యానును ఎవరు తుడుస్తారు?

ఫ్యాను నడిచినందుకు కరెంటు పెద్దగా కాలదు. 25 వాట్లది రాత్రంతా తిరిగినా పావు యూనిట్ లోపే. కొత్త గాలితో పాటు వేడి, తేమ కూడా వస్తాయి గనుక ఏసీకి పని పెరుగుతుంది. ఆ ఖర్చు పెట్టదగినదే అంటాను.

చివరిగా, బయటికి పోయినంత గాలి ఎక్కడినుంచో లోపలికి రావాలి. 90 సెంటీమీటర్ల తలుపు కింద ఒక సెంటీమీటరు సందు ఉంటే 90 చదరపు సెంటీమీటర్లు. నాలుగంగుళాల గొట్టం నోరు దాదాపు 78. కనుక అది సరిపోతుంది. అగరువత్తిని ఆ సందు దగ్గర పట్టుకుంటే పొగ ఎటు వంగుతోందో మీకే తెలుస్తుంది. కాని అదే ఫ్యాను గ్యాస్ గీజరు ఉన్న స్నానాలగదిలోని గాలిని లాగితే ప్రమాదం. పైకి పోవలసిన పొగ వెనక్కి తిరగవచ్చు. అందులో రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. అది ప్రాణాలు తీస్తుంది. మీ ఇంట్లో అలాంటి గీజరు ఉంటే ముందు దాన్ని ఆరుబయటికి మార్పించమనండి. ఫ్యాను సంగతి ఆ తరువాత చూడవచ్చు.