మూత్రం ఆపుకోలేకపోతే దాచుకోవద్దు

మూత్రం ఆగడం లేదని డాక్టరుకు చెప్పడానికి మనవాళ్ళు సిగ్గుపడతారు. గాజువాక నుండి బస్సెక్కి కేజీహెచ్‌కు రావాలన్నా, ఆరాధనలో రెండు గంటలు కూర్చోవాలన్నా భయపడి ఇంట్లోనే ఉండిపోతారు. వయసు మీద పడితే ఇంతేలే అని సరిపెట్టుకోవడం తప్పని మా అభిప్రాయం. దీనికి వైద్యం ఉంది.

నరాలకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి మూత్రాశయాన్ని అదుపు చేయవచ్చా అని మొదట జంతువులలో పరిశోధించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ టనాగో, డాక్టర్ ష్మిట్ కుక్కలపై చేసిన ప్రయోగాలు, నడుము దిగువ నరం దగ్గర చిన్న యంత్రం అమర్చే పద్ధతికి దారితీశాయి. అమెరికాలో దానికి 1997లో అనుమతి లభించింది. చీలమండ దగ్గరి నరానికీ, మూత్రాశయ నరాలకూ వెన్నులో మూలం ఒకటే. అందుకే అక్కడ సన్నని సూది ద్వారా వారానికి 30 నిమిషాల చొప్పున 12 వారాలు కరెంటు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది.

అయితే ఇది అందరికీ పనిచేయదు. ఓడరేవులోనో, ఫ్యాక్టరీలోనో పడి వెన్నుపాము పూర్తిగా దెబ్బతిన్నవారికి అంతగా ఉపయోగపడదు. ప్రోస్టేట్ అడ్డు, ఇన్‌ఫెక్షన్, షుగరు ఉంటే ముందు వాటికి వైద్యం చేయాలి. టీ, కాఫీలు తగ్గించడం, కటి కండరాల వ్యాయామం, మాత్రలతోనే చాలామందికి గుణం కనిపిస్తుంది. ప్రకటనలు చూసి కరెంటు బెల్టులు కొనవద్దు. ముఖ్యంగా పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు వాటి జోలికి పోకూడదు.

ఈసారి ఓపీకి వచ్చినప్పుడు బీపీ, షుగరుతో పాటు ఈ మాట కూడా చెప్పండి. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి.