గడ్డ తీశారు సరే, ఆ తర్వాత?

న్యూరోసర్జరీ వార్డులో క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటే తేలికైన కేసు. జనం మాటల్లో ‘తలలో రక్తం గడ్డ’. పుర్రెకు ఒకటో రెండో రంధ్రాలు వేసి, మెదడు పైపొరల మధ్య చేరిన పాత రక్తాన్ని కడిగేస్తారు. ఇంజనాయిల్ రంగు ద్రవం బయటికొస్తుంది. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే తేరుకుని మనుషుల్ని గుర్తుపడతారు. అయినా రోగి ఇంటివాళ్లను కదిపితే ఆపరేషన్ గురించి చెప్పేది రెండు ముక్కలే. వాళ్ల బాధంతా అంతకుముందు పోయిన వారాలది, ఆ తర్వాతి నెలలది.

వయసు మీదపడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాన్ని పుర్రె లోపలి డ్యూరా పొరతో కలిపే సన్నని సిరలు సాగిపోయి ఉంటాయి. బాత్రూంలో కాలు జారినా, ద్వారబంధం తలకు తగిలినా ఒక సిర తెగొచ్చు. కారిన రక్తం చుట్టూ పొర కడుతుంది. ఆ పొరలో పుట్టే బలహీనమైన రక్తనాళాలు మళ్లీ మళ్లీ కారుతుంటాయి. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి ఈ ముప్పు ఎక్కువ. వారాలు గడిచాక పెద్దాయన చొక్కా గుండీ పెట్టుకోలేకపోతాడు. కాలి చెప్పు ఊడిపోయినా తెలియదు. ఇప్పుడే తిన్న సంగతి గుర్తుండదు. ఇంట్లోవాళ్లు చాదస్తం అనుకుంటారు, ఊళ్లో పక్షవాతం అంటారు. పాత దెబ్బ సంగతి ఎవరికీ తట్టదు. స్కాన్ ఆలస్యమైందని తెలిశాక కూతుళ్లు, కోడళ్లు తమనే తప్పుపట్టుకుంటారు. అది అన్యాయం. ‘ఈమధ్య ఎక్కడైనా పడ్డారా?’ అని మొదట చూసిన డాక్టరు అడగాల్సింది.

ఆపరేషన్ తర్వాత రక్తం బయటికి పోయే గొట్టాన్ని రెండు రోజులు ఉంచితే మేలని కేంబ్రిడ్జ్ వైద్యులు 2009లో లాన్సెట్ పత్రికలో నిరూపించారు. గడ్డ తిరగబెట్టడం 24 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. ఆ రెండు రోజులూ మంచం పక్కన ఉండేది ఇంటి మనిషే. గొట్టం చివరి సంచి ఎంత ఎత్తులో ఉండాలి, పెద్దాయన లేస్తానంటే ఏం చేయాలి అన్నది ఆమెకు విడమరిచి చెప్పేవాళ్లు అరుదు.

ఇంకో పరిశోధన మరీ ముఖ్యమైనది. బ్రిటన్‌లోని 23 ఆస్పత్రుల్లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. మందు వాడినవారిలో రెండో ఆపరేషన్లు తగ్గాయి. కానీ ఆరు నెలల తర్వాత చూస్తే సాయం లేకుండా నడవగలిగే మంచి స్థితిలో ఉన్నవారు మందు వాడినవారిలో 84 శాతం, వాడనివారిలో 90 శాతం. స్కాన్ బాగుండటం వేరు, మనిషి బాగుండటం వేరు. మన ఆస్పత్రులు ఆరు నెలల తర్వాత ‘మనిషి బాగున్నాడా?’ అన్న ఆ రెండో ప్రశ్న ఎంతమందిని అడుగుతున్నాయి?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మెదడు ఆపరేషన్లను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. అది చిన్న విషయం కాదు. అయితే ఇంటికెళ్లేటప్పుడు చేతికిచ్చే డిశ్చార్జి సమ్మరీ ఇప్పటికీ ఇంగ్లిష్‌లోనే. ఆపరేషన్ కోసం ఆపిన రక్తం పలచబడే మాత్రలు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో అందులో ఉండొచ్చు. చదివేదెవరు? నెట్‌వర్క్ ఆస్పత్రుల్లో ఆరోగ్యమిత్రలు ఉన్నారు. డాక్టరు రాసిచ్చిన తెలుగు కాగితాన్ని వాళ్ల చేత ఇంటి మనిషికి చదివి వినిపించాలి. మాత్రల తేదీ, తలనొప్పి పెరిగినా మాట తడబడినా అదే రోజు రావాలన్న హెచ్చరిక, రాత్రిపూట ఎత్తే ఫోన్ నంబరు అందులో ఉండాలి.