ఊపిరి లెక్క

వానలు పట్టి, బడులు తెరిచి నెల తిరిగేసరికి పిల్లల ఆసుపత్రుల్లో మంచాలు చాలవు. డెంగీ పేరు అందరి నోటా వినిపిస్తుంది. ఆ జ్వరాల్లోనే ఫ్లూ కూడా ఉంటుంది, దాన్ని మాత్రం “మామూలు జలుబే” అనేస్తాం. చాలామంది పిల్లల విషయంలో అది నిజమే: నాలుగు రోజుల జ్వరం, దగ్గు, ఆపైన ఓ వారం నీరసం. మిగతా కొద్దిమందికి మాత్రం ఆసుపత్రి తప్పదు. 2018లో ప్రపంచం మొత్తమ్మీద ఐదేళ్లలోపు పిల్లలు 34,800 మంది దాకా ఫ్లూ వల్ల కన్నుమూశారని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ అంచనా. ఆసుపత్రిలో చేరేవాళ్లలో ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలుంటారు. నిన్నటిదాకా గంతులేసినవాళ్లూ ఉంటారు. కన్నవాళ్లకు మింగుడుపడనిది అదే.

కొందరికి జ్వరంతోపాటు ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు తాళాలగుత్తి కోసం ఒకరు, ఉల్లిపాయ కోసం ఒకరు పరుగెడతారు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకొందరు జ్వరం తగ్గాక పొద్దున్నే లేచి నడవనంటారు, పిక్కలు ముట్టుకుంటే ఏడుస్తారు. పోలియోనేమో అని పెద్దవాళ్లకు గుండె జారిపోతుంది. ఎక్కువగా ఫ్లూ ‘బి’ రకంలో కనిపించే ఈ కండరాల వాపు సాధారణంగా వారంలోపే తగ్గుతుంది. డాక్టరుకు ఒకసారి చూపించుకుంటే మనసు కుదుటపడుతుంది.

అసలు భయం ఊపిరితో. జ్వరం 102 ఉందా, 103 ఉందా అని రాత్రంతా థర్మామీటరు చూస్తాం కానీ, చొక్కా విప్పి ఛాతీ చూడం. మన అమ్మమ్మలు చూసేవారు. “డొక్కలెగరేస్తున్నాడు, బండి కట్టించండి” అనేవారు. ఆ మాటకు ఈనాటి వైద్యం జోడించింది ఒక్క అంకె మాత్రమే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు 50, ఆపైన ఐదేళ్లలోపు 40 తగిలిందంటే తెల్లారేదాకా ఆగకూడదు. తగ్గిన జ్వరం రెండ్రోజులాగి మళ్లీ వచ్చి, దగ్గు ముదిరినా అంతే. ఫ్లూ మీద న్యుమోనియా వచ్చి చేరిందేమో చూడాలి. ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ గంటలు కాస్తా మెడికల్ షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్‌తో గడిచిపోతుంటాయి. ఆస్పిరిన్ అయితే ఫ్లూ ఉన్న పిల్లలకు అసలు వేయకూడదు.

చేరిన పిల్లల్లో ఎక్కువమంది ఆక్సిజన్‌తో, సెలైన్‌తో కోలుకుని కొద్దిరోజుల్లోనే ఇంటికి వెళ్తారు. అసలు చేరే అవసరాన్నే తగ్గించే టీకా ఉంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల వరకు ఏటా వేయించమని శిశువైద్యుల సంఘం చెబుతోంది. ప్రభుత్వ ఉచిత టీకాల్లో అది లేదు, కొనుక్కోవాలి. కూలికి వెళ్లే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఏటేటా ఆ ఖర్చు ఎక్కణ్నుంచి వస్తుంది? న్యుమోకాకస్ టీకా కూడా ఒకప్పుడు డబ్బున్న ఇళ్లకే అందేది, 2021కల్లా దేశమంతటా ఉచితమైంది. ముప్పు ఎక్కువున్న రెండేళ్లలోపు పిల్లలకైనా ఫ్లూ టీకాను ఆ వరసలో చేర్చమని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.