ఫేవరెట్స్ లిస్టులో పిల్ల ఏడుపు

పోయిన ఫిబ్రవరిలో ఒక శుక్రవారం రాత్రి, డాలస్ పక్కన మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూచుని ఒక ఆడియో ఫైలు ప్లే చేశాను. పది సెకన్లు అయిందో లేదో, అమ్మ చేతిలో గరిటెతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "పాప అట్టా ఏడుస్తుంటే కదలవేందిరా?" అంది. ఏడ్చింది పాప కాదమ్మా, కుందేలు అన్నాను. "కుందేలు ఇట్టా ఏడ్చిద్దా?" అని కాసేపు స్పీకరు వంక చూసింది. నమ్మింది కూడా. అయినా గదిలోకి వెళ్ళి, పాప మీద దుప్పటి సర్ది వచ్చింది.

నమ్మాక కూడా ఎందుకెళ్ళింది? ఈ వ్యాసమంతా ఆ ప్రశ్న మీదే.

మర్నాడు పొద్దున నేను కాయోటీల వేటకి వెళ్ళాలి. ఆఫీసులో నాతో పనిచేసే టెక్సాస్ మనిషి ఒకాయన పిలిచాడు. వచ్చేముందు ఒకసారి వినమని తన 'ఫేవరెట్స్' పంపించాడు. కాయోటీకి తెలుగులో పేరు లేదు. మనం నక్క అనేది జాకాల్‌ని, గుంటనక్క అనేది ఫాక్స్‌ని. కాయోటీ మన నక్కకి దగ్గర చుట్టం, ఒంట్లో కాస్త పెద్దది. 1823లో థామస్ సే పెట్టిన దాని శాస్త్రీయ నామానికి అర్థం 'మొరిగే కుక్క'. గొంతుని బట్టి పేరు పడ్డ జంతువు అన్నమాట. 1978లో ఫిలిప్ లేనర్ దాని అరుపుల్ని 11 రకాలుగా వర్గీకరించాడు.

ఆ గొంతునే వాడుకుని దాన్ని తుపాకీ ముందుకి రప్పించే వేటకి 'ప్రిడేటర్ కాలింగ్' అని పేరు. మొదట్లో నోటితో ఊదే పీకలు ఉండేవి. మార్బుల్ ఫాల్స్‌లో బర్నమ్ అన్నదమ్ములు వాటికి పేరుపడ్డారు. తర్వాత వేకోలో జానీ స్టివర్ట్ అనే ఆయన జంతువుల అరుపులు రికార్డు చేసి అమ్మాడు. రెండూ టెక్సాస్ ఊళ్ళే. ఇప్పుడు రిమోటుతో నడిచే డిజిటల్ స్పీకరు పెట్టె. అందులో వందల కొద్దీ శబ్దాలు. తరచుగా వాడేవాటిని ఫేవరెట్స్‌గా పెట్టుకోవచ్చు, మనం పాటల్ని పెట్టుకున్నట్టే.

ఏ వేటగాణ్ణి అడిగినా తన లిస్టు చెప్తాడు. విని చూస్తే అవన్నీ మూడు కుప్పలుగా విడిపోతాయి. మొదటిది ఆకలి: దెబ్బతిన్న కుందేలు, వడ్రంగిపిట్ట, జింకపిల్ల. గుంటనక్కకైతే ఎలుక కిచకిచ కూడా చాలు. రెండోది ఇలాకా, జత: ఒంటరి ఊళ, సవాలు ఊళ, ఆడ కాయోటీ పిలుపు. జనవరి, ఫిబ్రవరి జతకట్టే కాలం కాబట్టి అప్పుడు ఇవి బాగా పనిచేస్తాయి. మూడోది పిల్ల ఏడుపు. కాయోటీ పిల్లదో, గుంటనక్క పిల్లదో, నొప్పితో పెట్టే కేకలు. చాలామంది దీన్ని ఆఖరున వాడతారు. మిగతావాటికి దేనికీ రాని జంతువు కూడా దీనికి వస్తుందని వాళ్ళ అనుభవం.

నా గొడవ వేటతో కాదు. ఆదివారం మటన్ తినేవాణ్ణి, ఆ నీతులు చెప్పే అర్హత నాకు లేదు. మొదటి కుప్పతోనూ పేచీ లేదు. కుందేలు అరుపు విని వచ్చిన కాయోటీ తినడానికి వచ్చింది. అదొక ప్రాణాన్ని వెతుక్కుంటూ వచ్చింది, వీడు దాని ప్రాణం కోసం కూచున్నాడు. లెక్క సరిపోయింది. గాలానికి ఎర గుచ్చడం లాంటిదే. రెండో కుప్పనీ ఒప్పుకుంటాను, కాస్త ఇబ్బందిగానే. నా గొడవ మూడోదానితో. అక్కడ వచ్చే జంతువు తినడానికి రావట్లేదు. ఎవరో ఆపదలో ఉన్నారని వస్తోంది.

ఈ తేడా నేను కనిపెట్టింది కాదు. కురుక్షేత్రంలో మోసాలకి కొదవ లేదు, మనం చాలావాటిని వ్యూహం అని మెచ్చుకుంటాం కూడా. కానీ ద్రోణుడి చేత ఆయుధం కింద పెట్టించడానికి కొడుకు చచ్చిపోయాడని నమ్మించినప్పుడు, అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ధర్మరాజు రథం నేలకి దిగింది. వ్యూహం ఫలించింది. అయినా కథ చెప్పినవాళ్ళు రథాన్ని దించడం మర్చిపోలేదు. ఈ కాలపు చట్టమూ అదే అంటుంది. జెనీవా ఒప్పందాలకి 1977లో చేర్చిన ప్రోటోకాల్ యుద్ధంలో ఎత్తుగడల్ని ఒప్పుకుంటుంది. గాయపడ్డట్టు నటించి, నమ్మించి చంపడాన్ని మాత్రం ఒప్పుకోదు. శత్రువు భయాన్నీ ఆశనీ వాడుకో, వాడి దయని మాత్రం వాడుకోకు అని దాని సారాంశం. మనుషుల మధ్య ఇంత స్పష్టంగా తెలిసిన గీత, రిమోటు పట్టుకోగానే ఎందుకు చెరిగిపోతుంది?

దీనికి నాకు వచ్చిన జవాబులు మూడు.

మొదటిది: "అది ప్రేమా కాదు, దోమా కాదు. తన ఇలాకాలో పరాయి పిల్ల గొంతు విని కోపంతో వస్తుంది. నువ్వు మనిషి మనసుని జంతువుకి తగిలిస్తున్నావ్." కొంత నిజమే కావచ్చు. ఫిబ్రవరిలో అసలు పిల్లలే ఉండవు, కాయోటీలు ఈనేది ఏప్రిల్, మే నెలల్లో. అయినా వస్తాయి. కానీ ఈ వాదన చేసేవాళ్ళే ఎండాకాలంలో, పిల్లలు కలుగుల్లో ఉన్నప్పుడు, ఇదే శబ్దానికి తల్లీతండ్రీ కలిసి ఉరుకుతాయని చిట్కాగా చెప్తారు. మరి అప్పుడు అది ఏమిటి? తండ్రి అని ఊరికే అనలేదు. 2012లో షికాగో ప్రాంతంలో 236 కాయోటీల డీఎన్ఏ పరీక్షించిన శాస్త్రవేత్తలకి జత దాటి కన్న పిల్ల ఒక్కటీ కనిపించలేదు. మగది కూడా పిల్లలకి తిండి తెచ్చిపెడుతుంది. దీనికి ప్రేమ అనే మాట వద్దంటే వద్దు, కాపలా అనండి. ఎవరి కాపలానైనా వాళ్ళకే ఉరి చెయ్యడం అన్యాయం.

రెండోది: "మేకల్నీ గొర్రెల్నీ పోగొట్టుకున్న రైతుని అడుగు." సరే, అడుగుదాం. మందలో పడ్డ కాయోటీని రైతు కాల్చుకుంటే నేను అడ్డు చెప్పను. కానీ మొత్తం జాతిని తగ్గించడమే లక్ష్యమైతే, వందేళ్ళ పైబడి జరుగుతున్న ప్రయోగం ఫలితం కళ్ళ ముందే ఉంది. ఒక్క ఫెడరల్ ప్రభుత్వమే ఏటా పదుల వేల కాయోటీల్ని చంపిస్తుంది. ఒకప్పుడు పడమటి మైదానాల జంతువైన కాయోటీ ఇవాళ హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. పైగా శనివారం పొద్దున సరదాకి వెళ్ళిన మా ఇద్దరిలో మేకలున్నవాడు ఎవడూ లేడు.

మూడోది మనవాళ్ళ నుంచే వచ్చింది: "మన ఊళ్ళలో నక్కలవాళ్ళు నక్కలా ఊళపెట్టి నక్కల్ని పట్టేవాళ్ళు కాదా?" పట్టేవాళ్ళు. గొంతు తమది, ఆకలి తమది, తెల్లవార్లూ పొలం గట్ల మీద పడిగాపులు తమవి. ఇప్పుడు వన్యప్రాణి చట్టం కింద అది నేరం, పట్టుబడితే జైలు. ఆకలికి చేసినవాడి మీద చట్టం ఉంది. టెక్సాస్‌లో కాయోటీకి వేట సీజనూ లేదు, ఇన్నే చంపాలన్న పరిమితీ లేదు, రికార్డు చేసిన అరుపుల మీద నిషేధమూ లేదు. తమాషా ఏమిటంటే, అదే దేశంలో బాతుల వేటకి రికార్డు చేసిన అరుపులు వాడకూడదని ఫెడరల్ నిబంధన ఉంది, ఒకట్రెండు మినహాయింపులు తప్ప. బాతుకి దక్కిన మర్యాద కాయోటీకి ఎందుకు దక్కలేదు? బాతుని జిత్తులమారి అని ఎవరూ అనలేదు కాబట్టి అని నా అనుమానం.

మనమూ అంతే. నక్కవినయం, గుంటనక్క, జిత్తులమారి. మన సామెతల్లో మోసం చేసేది ఎప్పుడూ నక్కే. కానీ పంచతంత్రంలో నీలిరంగు తొట్టిలో పడి రాజైన నక్కని గుర్తుచేసుకోండి. అడవినంతా నమ్మించింది. దూరంగా తోటి నక్కలు కూసేసరికి ఆగలేక తనూ కూసింది, చచ్చింది. చిన్నప్పుడు మనకి దాని నీతి 'వేషాలు వెయ్యకు' అని చెప్పారు. నాకిప్పుడు వేరేగా వినిపిస్తోంది: సింహాసనం మీద కూచున్నా సరే, తనవాళ్ళ గొంతు వింటే పలక్కుండా ఉండలేకపోయింది. జిత్తుల్లో ఓడిపోయి చావలేదది.

ఇక ఆ శనివారం సంగతి. గాలికి ఎదురుగా పొద చాటున కూచున్నాం. 50 గజాల దూరంలో స్పీకరు, దాని పక్కన తోకలా ఊగే బొచ్చు బొమ్మ. తుపాకీ ఆయన దగ్గర, రిమోటు నా దగ్గర. కుందేలు పావుగంట మోగింది, ఏమీ రాలేదు. ఊళ పెట్టాం, రాలేదు. "ఇప్పుడు పిల్లది నొక్కు" అన్నాడు. నొక్కాను. రెండు నిమిషాల్లో ఒక జత వచ్చింది, పక్కపక్కనే. ఆయన ఒకదాన్ని కాల్చాడు. రెండోది వెనక్కి తిరిగి పరుగందుకుంది. "మళ్ళీ నొక్కు, తొందరగా" అన్నాడు. దెబ్బ తగిలిన వెంటనే ఆ ఏడుపు వినిపిస్తే పారిపోయేది ఆగుతుందట. నొక్కాను. ఆగింది. తిరిగి చూసింది. రెండు అడుగులు మా వైపు వేసింది.

ఆ రెండు అడుగుల్నే నేను సమర్థించుకోలేకపోతున్నాను. పారిపోయి ఉంటే బతికేది. దానికి తెలుసు కూడా, తుపాకీ చప్పుడు విన్నది. అయినా వచ్చింది. కుందేలని తెలిశాక కూడా మా అమ్మ గదిలోకి వెళ్ళినట్టే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. కాల్చేవాళ్ళు కాల్చుకోండి, కుందేలుతో పిలవండి, పీక ఊదండి. పిల్ల ఏడుపు మాత్రం తీసెయ్యండి. ముఖ్యంగా ఇక్కడి తెలుగువాళ్ళలో వారాంతపు వేట వీడియోలు వాట్సాప్‌లో పంపుకునే మిత్రులకి ఇది చెప్తున్నాను: దాన్ని ఫేవరెట్ అనకండి. కనీసం ఆ మాట వాడకండి.

నేను ఆ ఫైలు తీసేశాను. అమ్మ మే నెలలో ఒంగోలు వెళ్ళిపోయింది. వేటకి వెళ్ళానని తనకి తెలుసు. బటన్ నొక్కింది నేనేనని మాత్రం ఇంకా చెప్పలేదు.