బొంతలు మనమే తగలబెట్టాం

పెనుగొండలో ఇప్పుడు చాలా ఇళ్లలో అమ్మమ్మల నాటి ఇత్తడి బిందె చూపిస్తారు, కావిడిపెట్టె చూపిస్తారు. బొంత చూపించమంటే మాత్రం మొహాలు చూసుకుంటారు. వాటిని చెదలు తినలేదు, గోదారి పట్టుకుపోలేదు. మనమే వదిలించుకున్నాం. కొన్నింటిని భోగి మంటలో వేశాం. కొన్నింటిని పాతబట్టలకి స్టీలు సామాన్లిచ్చేవాళ్లకి వేసి, ఒక గిన్నె పుచ్చుకుని, బేరం కుదిరిందని మురిసిపోయాం. మిగిలినవి కుక్క పడుకోడానికి, ధాన్యం బస్తాల మీద కప్పడానికి పోయాయి. ఈ పని పరాయివాళ్లెవరూ చెయ్యలేదు. చదువుకున్న కొడుకులం, ఉద్యోగాలొచ్చిన కూతుళ్లం, కొత్త డాబా గృహప్రవేశానికి ముందు పాతదంతా వీధిలో పడేసిన మనమే చేశాం.

బొంత ఎలా ఉంటుందో తెలియని పిల్లలు పెరిగారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, తాతల పంచెలు, చిరిగిన లుంగీలు పొరలు పొరలుగా పరిచేవారు. చిరుగులున్నవి లోపలికి పోయేవి, రంగు నిలిచిన చీర పైకొచ్చేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక వసారాలో చాప వేసి, దాని మీద ముడత లేకుండా అరచేత్తో నిమిరి, కదలకుండా మూలల మీద పొత్రమో పీటో పెట్టేవారు. ముందు చుట్టూ పెద్ద పెద్ద కుట్లు వేసుకుని, తర్వాత లావు సూదితో, రెండు పేటల దారంతో అంచు నుంచి లోపలికి వరసలు కుట్టుకుంటూ వచ్చేవారు. ఒక పక్క అత్తగారు, ఇంకో పక్క కోడలు. వరసలు ఎంత దగ్గరగా పడితే బొంత అంతకాలం మన్నేది. తడిస్తే ఒక మనిషి ఎత్తలేని బరువు, ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండాల్సిందే. అందుకే దాని ఉతుకుడు కాలవ రేవులోనే.

అందులోకి చేరిన ప్రతి గుడ్డకీ ఓ మనిషి ఉండేవాడు. మనవైపు పుట్టిన బిడ్డకి వెంటనే కొత్త బట్ట వెయ్యరు, మెత్తటి పాత గుడ్డలోనే పొదువుకుంటారు. ఆ గుడ్డా, ఉయ్యాల కట్టిన చీరా, పరికిణీ పొట్టయిపోయాక పక్కన పెట్టిందీ, అన్నీ ఎప్పటికో బొంతలోకి వచ్చేవి. కుడుతున్నప్పుడు ఏది ఎవరిదో చెప్పుకునేవారు. ఆ కబుర్లు జరిగిన వసారాలోనే మనం ఎక్కాలు వల్లించాం, పరీక్షలకి చదివాం. చెవిన పడుతున్నది చదువు కాదనుకున్నాం.

మా బంధువులింట్లో అటక దించుతుంటే ఓ బొంత బయటపడింది. వీధిలోకి వెయ్యబోతుంటే ఆపి, అరుగు మీద పరిచి చూశాం. నీలం గళ్ల లుంగీ పెద్దనాన్నదని ఒకరు గుర్తుపట్టారు. వంగపండు రంగు చీర ఎవరిదో ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఒక మూల జానెడు మేర పసుపు పువ్వుల పరికిణీ ముక్క ఉంది. మిగతా బొంతంతా వేలెడు ఎడంతో వరసలు నడిస్తే, ఆ ముక్క మీద మాత్రం కుట్లు బియ్యపు గింజలు పేర్చినట్టు దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆ పరికిణీ ఎవరిదో ఒక్కళ్లకీ తెలియదు. అత్తారింటికి వెళ్లిపోయిన పిల్లదో, చిన్నతనంలోనే పోయిన పిల్లదో. కుట్టినావిడ అక్కడ ఎందుకంతసేపు ఆగిందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. అరుగు మీదున్న వాళ్లమంతా ఆవిడ మనవలం, మునిమనవలం. మాలో ఇంజనీర్లున్నారు, ప్లీడరున్నాడు. తాత కొన్న ఎకరం ముప్పావు ఏ సర్వే నంబరులో ఉందో, నాలుగు హద్దులూ ఏవో నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

పాలిస్టర్ చీరలొచ్చి బొంతని చంపేశాయని సర్దిచెప్పుకుంటూ ఉంటాం. అందులో కొంత నిజమే. ఆ చీర ఎన్నేళ్లు కట్టినా నూలులా మెత్తబడదు, చెమట పీల్చదు, పొరలు వేస్తే సూది కింద జారిపోతుంది. దాంతో కొత్త బొంతలు తగ్గాయంటే ఒప్పుకుంటాను. ఉన్నవాటిని తగలబెట్టమని పాలిస్టర్ చెప్పలేదు కదా. ఆ పని చేయించింది మన సిగ్గు. పరుపులు కొనుక్కున్నాక బొంత మన పాత లేమికి సాక్ష్యంలా కనబడింది. పెళ్లివారొస్తున్నారంటే ముందు దాన్ని గదిలోకి నెట్టాం. “తీసెయ్యవే, చూస్తే నవ్వుతారు” అని అమ్మల చేతే అనిపించాం. ఆ మాట అంటున్న అమ్మ, దాన్ని కుట్టిన చేతులు తనవేనని మనకి గుర్తుచెయ్యలేదు. మనకీ తట్టలేదు.

మన డెల్టా ఆడవాళ్ల చేతులు లేసు కూడా అల్లాయి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ పని నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లకి పాకి, ఎక్కడెక్కడి దేశాల భోజనాల బల్లల మీదికో వెళ్లింది. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన ఊళ్లకొచ్చి, ఈ ఆడవాళ్ల మీద పుస్తకం రాసి 1982లో అచ్చువేసింది. ఇంటిపనంతా చేసుకుని, ఆ పైన గంటలకొద్దీ అల్లినా వాళ్లకి గిట్టేది పొలం కూలి కన్నా తక్కువని, ఇళ్లలోని వాళ్లూ వ్యాపారులూ కూడా దాన్ని పని కింద కాక తీరుబాటు కాలక్షేపం కింద జమకట్టారని చూపించింది. జమకట్టిన ఆ ఇళ్లలోని వాళ్లం మనమే. భోజనాలయ్యాక నిద్రపోయిన మగవాళ్లం లేచేసరికి ఒక పువ్వు పూర్తయ్యేది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం ఫోటోలు పంచుకున్నాం. మన ఇంట్లో ఎవరు అల్లారు, గజానికి ఎంత ఇచ్చారు అని మాత్రం ఇంట్లో ఎవర్నీ అడగలేదు. బయటివాళ్లు కొన్న లేసు సంగతే ఇలా ఉంటే, ఎవరూ కొనని బొంతని ఎవరు పట్టించుకుంటారు?

అందరూ ఇలా పారేసుకోలేదు. బెంగాలీలు పాత చీరల మీద కుట్టే కాంథాని కాపాడుకున్నారు; 1929లో జసీముద్దీన్ ఆ కుట్టు చుట్టూ ఒక దీర్ఘకావ్యమే రాశాడు. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అని నల్లజాతి వారి పల్లె ఉంది. వాళ్లు మనకన్నా బీదవాళ్లు, బానిసత్వంలో మగ్గినవాళ్ల బిడ్డలు. 1942లో మిస్సోరీ పెట్‌వే అనే ఆవిడ, చనిపోయిన భర్త పొలంలో తొడుక్కున్న బట్టల్ని విప్పి బొంత కుట్టుకుంది. ఆ ఊరి బొంతల్ని 2002లో న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియం గోడల మీద వేలాడదీశారు, 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్లలు వేశారు. మనవాళ్లు ఆ దేశానికి ఉద్యోగాలకి వెళ్లారు. మ్యూజియంలో వాటి ముందు నిలబడి ఫోటో దిగినవాళ్లూ ఉండే ఉంటారు.

పాత బట్టని గౌరవించడం రాని జాతి కాదు మనది. వాసవీ కన్యకాపరమేశ్వరి వెలసిన ఊరు పెనుగొండ. ఎక్కడెక్కడినుంచో వచ్చి అమ్మవారికి చీర పెట్టుకుంటారు. అమ్మవారికి కట్టిన చీర ప్రసాదంగా దొరికితే కళ్లకద్దుకుని, పసుపు రాసి బీరువాలో పైఅరలో దాచుకుంటాం. తల్లి ఒంటి మీది బట్టకి విలువుందని మనకి బాగా తెలుసు. తెలిసే, కన్నతల్లి కట్టి విడిచినదాన్ని గిన్నెకి ఇచ్చేశాం. అందుకే దీన్ని తెలియక చేసిన పొరపాటని నేను అనలేను.

పెనుగొండలో, సిద్ధాంతంలో, ఆచంటలో ఎనభై దాటిన ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల చూపు మందగించింది కానీ, ఏ అంచు ఏ ఏడు కొన్నదో చేత్తో తడిమి చెప్పగలరు. సంక్రాంతికి ఊరొచ్చి వాళ్ల మంచం పక్కన కూర్చుంటాం. బీపీ ఎంతుందని అడుగుతాం, మాత్రలు వేసుకుంటున్నావా అని అడుగుతాం. కాసేపాగి, పొలం కాగితాలు ఎక్కడ పెట్టావని అడుగుతాం.