విషాదాంత నాటకము విద్యార్థులకు తగునా?

పాఠశాల వార్షికోత్సవము సమీపించినప్పుడెల్ల ఏ నాటకము నాడవలెనను చర్చ పుట్టుచుండును. ఈ యేడు మన పై తరగతుల విద్యార్థులు కొందరు ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి ‘విషాద సారంగధర’ మందలి రంగములను ప్రదర్శింప గోరిరి. పండుగనాడు పిల్లలచేత కన్నీరు పెట్టింపనేల యని తలిదండ్రులలో కొందరు శంకించిరి. వారి వాత్సల్యమును మేము గౌరవింతుము. వారి యభిప్రాయముతో మాత్రము ఏకీభవింపజాలము.

ముందుగా ఆ నాటకకర్తను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఆచార్యులవారు 1853లో జన్మించి, బళ్లారిలో వకీలుగా నుండిరి. పగలు న్యాయస్థానము, తీరికవేళ నాటకము వారికి రెండు వ్యాసంగములు. 1886లో సరసవినోదిని సభను స్థాపించి, నాటకములను తామే రచించి, తామే నేర్పి, తామే వేషము ధరించిరి. అదే పట్టణమున కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడపుచుండగా, ఆ రెండు సభల పోటీవలన నాటకకళకే మేలు గలిగెను. ప్రఖ్యాత నటులు బళ్లారి రాఘవగారు ఆచార్యులవారి మేనల్లుడు. 1912లో ఆచార్యులవారు కాలధర్మము నొందిరి; ఆంధ్ర నాటక పితామహుడను బిరుదము నేటికిని వారిదే.

మన పూర్వుల నాటకసంప్రదాయము సామాన్యముగా శుభాంతమునే విధించెను. కథలో సారంగధరుని కాలుసేతులు నరికింపబడినను, సిద్ధుని యనుగ్రహమున అవి మరల మొలచును. ఆచార్యులవారు అట్టి ఊరటను తొలగించి, ఆంగ్లనాటకముల మార్గమున కథను దుఃఖాంతము గావించిరి. తెలుగున తొలి విషాదాంత నాటకముగా దానిని విమర్శకులు పేర్కొందురు.

ఈ మార్పు వేడుకకై చేసినది కాదు. అవయవములు మరల మొలచినచో రాజు చేసిన తప్పు చెరిగిపోవును. ప్రేక్షకుడు నిశ్చింతగా ఇల్లు చేరును. కుమారుడు తిరిగి రాడని తెలిసినప్పుడే విచారణలేని తీర్పు ఎంత ఘోరమో మనసున నాటును. షేక్స్పియరు ‘ఒథెల్లో’ యందును ఇదియే కాదా? అసత్యమును నమ్మిన భర్త సత్య మెరుగునప్పటికి భార్య ప్రాణములతో లేదు. వకీలైన ఆచార్యులవారికి ఇరుపక్షముల వాదము వినకుండ శిక్ష విధించుట యెంత యన్యాయమో వేరుగ చెప్పవలెనా?

బాలురు దుఃఖమెరుగరని తలచుట పొరపాటు. నిజాంసాగరపు నీటితో పండిన చెరకును నమ్ముకొని, 1930వ దశకాంతమున బోధనులో వెలసిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడెను. గానుగ ఆగినప్పుడు జీతములు లేని యిండ్లలో, పంట మార్చుకొనవలసిన కమతములలో, ఏమి జరిగెనో అక్కడి పిల్లలు చూచియేయున్నారు. శక్కర్‌నగరు వీథులలో పెరిగినవారికి సిద్ధుడు వచ్చి సర్వమును చక్కదిద్దు కథ వినోదము గూర్చును గాని, తమ మనసులోని బరువును పలుకుటకు మాట నీయదు. విషాదనాటక మట్టి మాట నిచ్చును. పదిమంది నడుమ కూర్చుండి పరుని దుఃఖమునకు కన్నీరు విడుచుట అమంగళము కాదు, అది హృదయసంస్కారము.

అయినను వివేకము వలదని మేము చెప్పము. చిత్రాంగి యనుచితాభిలాషకు సంబంధించిన రంగములు బాలబాలికలకు తగవు, వానిని విడువవచ్చును. రక్తపాతమును రంగస్థలమున చూపనక్కరలేదు. వార్తగా వినిపించిన చాలును. కోపోద్రిక్తుడైన తండ్రియు, నిరపరాధియైన కుమారుడును ఎదురెదురుగా నిలిచిన తీర్పు రంగమును, పిదప రాజు పొందు పశ్చాత్తాపమును ఆడినచో ఉద్దేశ్యము నెరవేరును.

ఆ రంగము విద్యార్థులకన్న పెద్దలకే ఎక్కువ యవసరమని మా యభిప్రాయము. ఒకరి ఫిర్యాదు విని మరియొకని చేయి చాపించి బెత్తముతో కొట్టిన ఉపాధ్యాయులమును, పొరుగువారి మాట నమ్మి బిడ్డను దండించిన తలిదండ్రులమును మనలో లేమా? ఆ సాయంకాలము ముందు వరుసలో కూర్చుండువారము మనమే. బిడ్డ చెప్పునది ముగియువరకు వినుట యను నొక్క పాఠము మనకు పట్టుబడినచో, ఆ కన్నీరు వ్యర్థము కాదు. కావున విద్యార్థుల కోరికను మన్నింప వలసినదిగా పెద్దలకు మా మనవి.