నాలుగు గెట్లు కొలిస్తే చాలదు

మా వీపనగండ్ల వైపు పొలం బేరాల్లో నేను తరచూ వినే లెక్క ఒకటుంది. ఎదురెదురు గెట్లు కూడి సగం చెయ్యి, ఆ రెండు సగాలూ గుణించు, 1089తో భాగించు. గుంటలొస్తాయి. (గుంటంటే 33 అడుగులకి 33 అడుగులు, ఎకరానికి 40.) మూడు మూలల బిట్టయితే నాలుగో గెట్టు సున్నా అనుకోవడమే. నోటిలెక్కకి బానే ఉంటుంది. కానీ ఇది తప్పితే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు.

నమ్మరా? 130, 140, 150 అడుగుల గెట్లున్న మూడు మూలల బిట్టు తీసుకోండి. పై లెక్కలో 140 × 70 = 9800 చదరపు అడుగులు, అంటే 9 గుంటలు. ఇప్పుడు మనం పరీక్షల కోసం బట్టీ కొట్టిన హెరాన్ సూత్రం వేద్దాం. చుట్టుకొలత 420, సగం 210. అందులోంచి ఒక్కో గెట్టూ తీసేస్తే 80, 70, 60. 210 × 80 × 70 × 60కి వర్గమూలం 8400. అంటే 7.7 గుంటలే! గుంట లక్ష అనుకుంటే, లేని నేలకి దాదాపు లక్షా ముప్పై వేలు.

చుట్టుకొలత చూసి మోసపోవడం ఇంకో రకం. 200, 200, 20 అడుగుల చీలికకీ చుట్టుకొలత అదే 420. కడీలూ తీగా అంతే పడతాయి, నేల మాత్రం రెండు గుంటలు కూడా ఉండదు.

ఇదేం కొత్త సంగతి కాదు. 628లోనే బ్రహ్మగుప్తుడు సగాల లెక్కని స్థూలమనీ, వర్గమూలం లెక్కని సూక్ష్మమనీ విడదీసి చెప్పాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడూ రెండూ ఇచ్చాడు. ఆయన గణితసారసంగ్రహాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మనం మాత్రం సూక్ష్మాన్ని పరీక్ష పేపర్లో వదిలేసి, స్థూలాన్ని పొలానికి తీసుకెళ్తున్నాం.

నాలుగు మూలల పొలంతో అసలు చిక్కు. మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఇక కదలదు. నాలుగు తెలిసినా చతుర్భుజం వదులైన మంచంలా ఒరుగుతూనే ఉంటుంది. నాలుగు గెట్లూ వందేసి అడుగులున్నా, చదరమైతే 10000, ఒరిగేకొద్దీ తగ్గిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఒక ఇన్‌పుట్ తక్కువ. అదే కర్ణం. మూల నుంచి ఎదురు మూలకి టేపు పట్టండి, రెండు త్రిభుజాలొస్తాయి, హెరాన్ రెండుసార్లు వేయండి. ఏ రెండు కొలతల మొత్తమైనా మూడోదాన్ని దాటకపోతే టేపు తప్పు చదివారన్నమాట.

"సర్వేయర్ చూసుకుంటాడు కదా" అంటారు. చాలా బేరాల్లో ఆయనొచ్చేది బయానా ఇచ్చాకే. అన్నదమ్ముల పంపకాల్లో అయితే చాలాసార్లు పిలవనే పిలవరు. చెరి 9 గుంటలని పంచుకుంటే, చదరం వాటా వచ్చినవాడు బాగానే ఉంటాడు, వంకర వాటా వచ్చినవాడు జీవితాంతం గుంటంపావు తక్కువ దున్నుకుంటాడు.

అందుకే, ఊరి నుంచి నాన్నో బావో ఫోన్ చేసి నాలుగు కొలతలు చెప్తే, డబ్బు పంపే ముందు ఐదోది అడగండి.